అమీర్‌పేట డిజిటల్ మార్కెటింగ్ గురువులకు బహిరంగ లేఖ: ఆ ఒక్క పాఠం తీసేయండి

అమీర్‌పేటలో ఎస్ఈఓ (గూగుల్‌లో వెతికితే సైటు పైన కనపడేలా చేసే పని), డిజిటల్ మార్కెటింగ్ నేర్పే సార్లకు, మేడమ్‌లకు,

నమస్కారం.

నేను మీ దగ్గర చదువుకున్నదాన్నే. 2014లో సూర్యాపేట నుంచి వచ్చి, ఎస్ఆర్ నగర్ హాస్టల్లో ఉంటూ, మైత్రీవనం పక్క సందులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలల కోర్సు చేశాను. అప్పటికి మెట్రో పిల్లర్లు ఇంకా లేస్తున్నాయి, రోడ్డంతా దుమ్ము. ఆ ఇన్‌స్టిట్యూట్ పేరు ఇక్కడ రాయను. నాకు అన్నం పెట్టిన విద్య అక్కడిదే, ఆ కృతజ్ఞత నాకుంది. ఇప్పుడు చిన్న ఆఫీసు నడుపుతున్నాను, ఆరుగురం పనిచేస్తాం. ఏటా మీ బ్యాచ్‌ల నుంచి వచ్చిన పిల్లల్నే తీసుకుంటాను.

ఈ లేఖ రాయడానికి కారణం పోయిన నెల ఇంటర్వ్యూకి వచ్చిన ఒక అమ్మాయి. సిద్దిపేట దగ్గర పల్లె. డిగ్రీ అయిపోయింది, కోర్సు పూర్తయి రెండు వారాలైంది. మీరు చేసిన పని ఏదైనా చూపించండి అంటే ల్యాప్‌టాప్ తెరిచి ఒక ఎక్సెల్ షీట్ పెట్టింది. పైన పెద్ద అక్షరాలతో ‘హై అథారిటీ గవ్, ఎడ్యు బ్యాక్‌లింక్స్’ అని ఉంది. బ్యాక్‌లింక్ అంటే వేరే సైటులోంచి మన సైటుకు వచ్చే లింకు, ప్రభుత్వ, విద్యా సైట్ల నుంచి వస్తే గూగుల్‌లో ర్యాంకు బాగా పెరుగుతుందని నమ్మకం. కింద నలభై లింకులు. వేరే దేశాల యూనివర్సిటీలు, మన కాలేజీలు, ఏవో ప్రభుత్వ శాఖల సైట్లు. ప్రతి దాంట్లో ఒక దొంగ పేరుతో ప్రొఫైల్ తెరిచి, ‘మా గురించి’ అనే చోట ఒక ఇంటీరియర్ డిజైన్ షాపు లింకు అతికించింది. ‘ఇవన్నీ నేనే చేశాను మేడమ్, మా సార్ ఇచ్చిన షీట్‌లోవి’ అంది. ఆ మాటలో ఎంత గర్వం ఉందో చెప్పలేను.

ఆ షీట్ నేను గుర్తుపట్టాను. వరసలు మారాయి, కొన్ని సైట్లు కొత్తవి, కానీ షీట్ అదే. నాకూ ఇచ్చారు. పదేళ్లు దాటినా అదే పాఠం, అదే షీట్, ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి పెన్‌డ్రైవ్‌లోనో వాట్సాప్‌లోనో వెళ్తోంది. ఆ పాఠాన్ని సిలబస్ నుంచి తీసేయమని అడగడానికే ఈ లేఖ.

ఆ షీట్‌తో నేనేం చేశానో ముందు చెప్పాలి. కోర్సు అయిన వెంటనే హిమాయత్‌నగర్‌లో ఒక చిన్న ఏజెన్సీలో చేరాను. మొదటి క్లయింట్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపు. భార్యాభర్తలిద్దరూ షాపులోనే ఉండేవాళ్లు, ఆన్‌లైన్‌లో అమ్మాలని కొత్తగా సైటు పెట్టించారు. నేను రాత్రీ పగలూ కూర్చుని షీట్‌లోని సైట్లన్నిటిలో వాళ్ల లింకులు పెట్టాను. రెండు నెలలు ర్యాంకు పెరిగింది. వాళ్లు నాకు స్వీట్ బాక్స్ పంపించారు. 2014 అక్టోబరు 17న గూగుల్ తన పెంగ్విన్ అప్‌డేట్‌ని మరోసారి వదిలింది. దీపావళికి ఆరు రోజుల ముందు. చూస్తుండగానే ఆ సైటు వెనక పేజీలకు పోయింది. పండగ సీజన్ మొత్తం పోయింది.

పెంగ్విన్ 2012 ఏప్రిల్‌లో మొదలైందని మీకు తెలుసు. ర్యాంకుల కోసం కృత్రిమంగా పెట్టిన లింకుల్ని పట్టుకోవడమే దాని పని. కానీ ఆ రోజుల్లో దాని తీరు ఎలా ఉండేదో కొత్త పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. ఒకసారి దెబ్బ తగిలాక మనం లింకులన్నీ తీసేసినా, ఈ లింకుల్ని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు డిసావో ఫైలు పంపినా, పెంగ్విన్ మళ్లీ నడిచేదాకా ఫలితం కనపడేది కాదు. ఆ తర్వాతి పెంగ్విన్ వచ్చింది 2016 సెప్టెంబరులో. దాదాపు రెండేళ్లు! ఆ షాపువాళ్లు అంతకాలం ఆగలేదు, ఆన్‌లైన్ అమ్మకం మానేశారు. ఆ షాపు ఆవిడ ఫోన్‌లో నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ‘పోనీలే అమ్మా, మా టైమ్ బాలేదు’ అంది. వాళ్ల టైమ్ కాదు, నేను చేసిన పని. అప్పుడు ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

2016 నుంచి పెంగ్విన్ గూగుల్ ప్రధాన వ్యవస్థలో భాగమైపోయింది. ఇప్పుడు అలాంటి లింకుల్ని చాలావరకు లెక్కలోకే తీసుకోదు. అందుకే ఈ పాఠం వల్ల నష్టమేముంది, పనిచేస్తే చేస్తుంది, లేకపోతే లేదు అని కొందరు ఫ్యాకల్టీ నాతో అన్నారు. నష్టం ఉంది. దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు ఈ నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చిందో చూద్దాం, ఎందుకంటే దాని పుట్టుకలో నిజం ఉంది.

గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఇద్దరూ స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. లింకుల్ని బట్టి పేజీకి విలువ కట్టే పేజ్‌ర్యాంక్ ఆలోచన వాళ్లకు పరిశోధన పత్రాల నుంచి వచ్చింది. ఒక పత్రాన్ని ఎంతమంది, ఎలాంటివాళ్లు ఉదహరించారన్నదాన్ని బట్టి దాని విలువ తెలుస్తుంది. వెబ్‌లో లింకు కూడా అలాంటి ఉదహరింపే అనుకున్నారు. 1998లో ఆ పద్ధతిని వివరిస్తూ పత్రం రాశారు. అప్పటి వెబ్‌లో పాతవీ, లోతైనవీ ఎక్కువగా యూనివర్సిటీల పేజీలే. వాటికి అందరూ లింకులు ఇచ్చేవాళ్లు కాబట్టి వాటి మాటకు బరువుండేది. దాన్ని చూసి మనవాళ్లు బరువంతా చివర ఉన్న డాట్ ఎడ్యులో ఉందనుకున్నారు. ఊళ్లో పెద్దమనిషి మాటకు విలువ ఉంటే ఆయన కట్టుకున్న తలపాగా కొనుక్కుంటే చాలనుకోవడం లాంటిది ఇది.

డొమైన్ చివర డాట్ ఎడ్యు, డాట్ గవ్ ఉన్నంత మాత్రాన ఆ లింకుకు అదనపు బరువు లేదని గూగుల్ తరఫున మ్యాట్ కట్స్ ఏనాడో చెప్పారు, తర్వాత జాన్ ముల్లర్ కూడా చెబుతూ వచ్చారు. యూనివర్సిటీ సైటులో మనం ఈ పూట తెరిచిన ప్రొఫైల్ పేజీకి ఆ యూనివర్సిటీలో ఎవరూ లింకు ఇవ్వరు. ఆ పేజీ అక్కడ ఉందని కూడా ఎవరికీ తెలియదు. అది మెయిన్ రోడ్డు మీది బంగళానే కావచ్చు, మనం బోర్డు పెట్టింది మాత్రం వెనక గోడకు. పైగా యూజర్లు పెట్టే లింకులకు చాలా సైట్లు నోఫాలో తగిలిస్తాయి, అంటే ఈ లింకును ర్యాంకు లెక్కలో వేసుకోవద్దని చెప్పే గుర్తు. ఆ గుర్తును గూగుల్ 2005లోనే తెచ్చింది, 2019లో యూజర్లు రాసినవాటికీ, డబ్బిచ్చి పెట్టించినవాటికీ వేరే గుర్తులు కూడా ఇచ్చింది. సైటు ఎంత బలమైనదో చెబుతుందని మీరు పాంప్లెట్ల మీద వేసే డొమైన్ అథారిటీ అంకె మోజ్ అనే కంపెనీ వేసుకున్న లెక్క, గూగుల్‌ది కాదు. ఇవి మీకు తెలియనివి కావు. డెమో క్లాసులో చెప్పడం లేదంతే.

ఇక నష్టం సంగతి.

మన దేశంలో డాట్ గవ్ డాట్ ఇన్ పేరు ఎవరికి పడితే వాళ్లకు రాదు. ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు, కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ చూస్తుంది. కాలేజీలకు ఇచ్చే డాట్ ఏసీ డాట్ ఇన్ పేర్లు ఈఆర్‌నెట్ ఇండియా అనే సంస్థ ఇస్తుంది, విద్యాసంస్థ అని కాగితాలు చూపించాలి. అమెరికా డాట్ ఎడ్యు అయితే ఎడ్యుకాజ్ అనే సంస్థ చేతిలో ఉంటుంది. ఈ కట్టుబాట్లన్నీ ఎందుకంటే, స్క్రీన్ మీద ఆ చివరి అక్షరాలు చూసి ఒక తండ్రి ఫీజు కడతాడు, ఒక రైతు పథకం వివరాలు నమ్ముతాడు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు నియమావళి కూడా ఉంది. బయటి సైటుకు లింకు ఇవ్వాలంటే దానికో విధానం ఉండాలి, సైటు దాటి బయటికి వెళ్తున్న సంగతి చదివేవాళ్లకు తెలియాలి అని అందులో ఉంటుంది. మన షీట్ ఆ ఏర్పాటంతటికీ వెనక నుంచి కన్నం వేస్తోంది.

రెండేళ్ల కింద నగరంలోనే ఒక డిగ్రీ కాలేజీ ప్రిన్సిపల్ మేడమ్ ఫోన్ చేశారు. పేరు వద్దు. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్లు రాబోతున్నారు, ఏటా పెట్టాల్సిన రిపోర్టులన్నీ సైటులో ఉండాలి, ఆ టెన్షన్‌లో ఉన్నారు. ఒక విద్యార్థి తండ్రి ఆఫీసుకొచ్చి, మీ కాలేజీ పేరు కొడితే రమ్మీ వస్తోంది, కసీనో వస్తోంది, ఇదేం కాలేజీ అని గొడవ పెట్టుకున్నాడట. మేడమ్ తన కంప్యూటర్‌లో సైటు తెరిస్తే అంతా శుభ్రంగా ఉంది. వెబ్‌సైట్ చూసుకునే కంప్యూటర్స్ లెక్చరర్ తెరిచినా అంతే. ఆ తండ్రే ఏదో తప్పు నొక్కి ఉంటాడని అనుకున్నారు.

నేను వెళ్లి మేడమ్ పక్కన కూర్చున్నాను. అడ్రస్ నేరుగా కొట్టకుండా, గూగుల్‌లో కాలేజీ పేరు వెతికి, ఆ ఫలితం మీద నొక్కమన్నాను. నొక్కారు. కాలేజీ బొమ్మ ఒక్క క్షణం కనపడి, పేకముక్కలతో వేరే సైటు తెరుచుకుంది. మేడమ్ చేయి మౌస్ మీదే ఆగిపోయింది. ఇది తెలిసినవాళ్లు చేసే పని. నేరుగా వచ్చినవాళ్లకు ఒక ముఖం, గూగుల్ నుంచి వచ్చినవాళ్లకు ఇంకో ముఖం. ఆ సైటు యజమానికి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే తన సైటును తను గూగుల్‌లో వెతుక్కోడు.

తర్వాత కోడ్ తెరిచి చూపించాను. హోమ్ పేజీలోనే, స్క్రీన్‌కు ఎడమవైపు 9999 పిక్సెళ్ల అవతల, మనిషి కంటికి ఎప్పటికీ కనపడని చోట, లింకుల వరస దాచి ఉంది. సగం బెట్టింగ్ సైట్లు. తెలంగాణ ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించింది, ఆ రమ్మీకి మన నగరంలోని కాలేజీ గోడ మీద బోర్డు! మిగతా లింకుల్లో మందుల సైట్లు, అప్పుల యాప్‌లు. ఆ మధ్యలో ఒకటి నన్ను ఆపేసింది. మన నగరంలోని ఒక ప్యాకర్స్ అండ్ మూవర్స్ షాపు. బెట్టింగ్ ముఠాతో ఆ షాపుకు ఏం సంబంధం? ఏమీ లేదు. వాళ్ల ఎస్ఈఓ కుర్రాడు ఎక్కడో ‘50 ఎడ్యు బ్యాక్‌లింకులు’ అనే ప్యాకేజీ కొన్నాడు. అమ్మినవాడు తాళం పగలగొట్టిన సైట్లలో దాన్ని కూడా పెట్టాడు.

ఆ లింకులు ఎక్కణ్నుంచి వస్తాయో ఆ కుర్రాడికి తెలియదు. క్లాసులో ఎవరూ చెప్పలేదు కాబట్టి తెలియదు. ‘టైమ్ లేకపోతే ప్యాకేజీ కొనుక్కోవచ్చు’ అని మాత్రం చెప్పారు, నాకూ చెప్పారు. ఏ యూనివర్సిటీ తన హోమ్ పేజీలో వేల రూపాయలకు లింకులు అమ్ముకోదు. చవగ్గా దొరుకుతోందంటే సైటుకు తగిలించిన పాత ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రామ్‌లోంచి దూరి పెట్టినదో, దొంగ ప్రొఫైలో, మూతపడ్డ సంస్థ వదిలేసిన డొమైన్‌ను ఎవరో కొని నడుపుతున్నదో అయ్యుంటుంది. అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి దూరితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉండొచ్చు. కొన్నవాళ్ల పేరే కోడ్‌లో కనపడుతుంది, అమ్మినవాడి పేరు ఎక్కడా ఉండదు.

ఆ కాలేజీ సైటు శుభ్రం చేయడానికి మాకు మూడు రోజులు పట్టింది. గూగుల్‌లో ఆ పేజీలు పోవడానికి ఇంకా వారాలు పట్టింది. సైటు చేసిచ్చిన వెండర్ ఎప్పుడో ఫోన్ ఎత్తడం మానేశాడు, ప్లగిన్లు చేసిన నాటి నుంచి అలాగే ఉన్నాయి, పాస్‌వర్డ్ కాలేజీ పేరు పక్కన ఒకటి రెండు మూడు. ఆ లెక్చరర్ రోజుకు నాలుగు క్లాసులు చెప్పి, ల్యాబ్ చూసుకుని, మిగిలిన టైమ్‌లో సైటు చూసుకుంటారు. మనం షీట్‌లో హై అథారిటీ అని రాసుకునే సైట్ల వెనక చాలాచోట్ల ఇలాంటి ఒక్క మనిషే ఉంటాడు.

స్కాలర్‌షిప్ ట్రిక్కు గురించి ఒక్క మాట. స్కాలర్‌షిప్ ఇస్తామని ప్రకటించి, కాలేజీలకు మెయిల్ పంపి, వాళ్ల పేజీలో లింకు రాగానే మర్చిపోవడం. మా ఆఫీసులో పనిచేసే అబ్బాయి డిగ్రీలో ఉండగా అలాంటి ఒకదానికి వ్యాసం రాసి పంపి ఆరు నెలలు ఎదురుచూశాడు. దీన్ని దయచేసి ఐడియా అని నేర్పకండి.

మరి కాలేజీ లింకులు అసలు రావా? వస్తాయి. వచ్చిన ఒక కథ చెబుతాను, మీ క్లాసులో చెప్పండి.

కోఠిలో మైక్రోస్కోపులు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. కొడుకు సైటు పెట్టించాడు. మా కస్టమర్లంతా కాలేజీలే కదా మేడమ్, ఎడ్యు లింకులు కొట్టించండి అన్నాడు. నేను లింకుల సంగతి పక్కన పెట్టి, బాబాయ్, మీ దగ్గరికి ఏ రిపేర్లు ఎక్కువ వస్తాయి అని ఆయన్ని అడిగాను. ఆయన ఒక లెన్స్ తీసి ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టారు. గాజు లోపల సాలెగూడులా సన్నని తెల్లటి పోగులు. ‘బూజు తల్లీ. వానాకాలం చెక్కపెట్టెలో మూసి పెడతారు, తీసేసరికి ఇదీ గతి’ అన్నారు. ఇంకో లెన్స్ మీద ఎండిపోయి గట్టిపడ్డ నూనె. ప్రాక్టికల్ అయ్యాక వంద రెట్ల లెన్స్‌కు అంటిన నూనెను తుడవరట. లెన్స్ పేపర్‌తో ఒక్క నిమిషం పని. పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఉంచాలి, నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ పట్టిందని అర్థం, ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఇవన్నీ ఆయన నలభై ఏళ్లుగా ప్రతి ల్యాబ్ అటెండర్‌కూ నోటితో చెబుతూనే ఉన్నారు.

మేం ఫొటోలు తీసి తెలుగులో, ఇంగ్లీషులో ఎనిమిది పేజీలుగా సైటులో పెట్టాం. ఆయనే తన కస్టమర్ లెక్చరర్లకు వాట్సాప్‌లో పంపారు. నెల తిరక్కముందే ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ జువాలజీ వాళ్లు తమ ల్యాబ్ పేజీలో ఆ లింకు పెట్టారు. తర్వాత ఇంకో కాలేజీ. ఏడాదిలో ఐదు. షీట్‌లో నలభై ఎక్కడ, ఐదెక్కడ అని పిల్లలు అడుగుతారు. ఆ ఐదు పేజీలూ చదివేవాళ్లు మైక్రోస్కోప్ చేతిలో పట్టుకున్నవాళ్లు. ర్యాంకు పెరిగింది, అది లింకుల వల్లేనని నేను ప్రమాణం చేయను, పేజీ బాగుండటం వల్ల కూడా కావచ్చు. ఫోన్లు మాత్రం వస్తున్నాయి.

మీ ఇబ్బంది నాకు తెలుసు. అక్కడ అద్దెలెంతో తెలుసు. పక్క ఇన్‌స్టిట్యూట్ బ్యానర్ మీద గవ్, ఎడ్యు బ్యాక్‌లింక్స్ అని ఉంటే మీ బ్యానర్ మీద లేకపోతే డెమోకి వచ్చిన పిల్లాడు అటు వెళ్లిపోతాడు. ఇందులో మా ఏజెన్సీల తప్పు మీకంటే ఎక్కువ. నెలకు ఎన్ని లింకులు కట్టావు అని అడిగేది మేమే, రిపోర్టులో అంకె చూపించి క్లయింట్ దగ్గర డబ్బు తీసుకునేదీ మేమే. నా వరకు ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న తీసేశాను. ఇప్పుడు ఒక లింకు చూపించి, ఇది ఎవరు, ఎందుకు ఇచ్చి ఉంటారో చెప్పమంటున్నాను. ఇదే ప్రశ్న అడగడానికి నాకు తెలిసిన ఇంకో రెండు ఆఫీసులు ఒప్పుకున్నాయి.

మీరు చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఆ షీట్ పంచడం ఆపండి. ఆ ఒక్క క్లాసు స్థానంలో ప్రతి విద్యార్థితో తను చదివిన కాలేజీ సైటును గూగుల్‌లో వెతికించండి. కాలేజీ డొమైన్ ముందు సైట్ కోలన్ పెట్టి, పక్కన రమ్మీ అనో కసీనో అనో కొట్టమనండి. ఏదైనా కనపడితే దానిలో వేలు పెట్టకుండా, స్క్రీన్‌షాట్ తీసి, కాలేజీకి మర్యాదగా ఒక మెయిల్ రాయడం నేర్పండి. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో సెక్యూరిటీ హెచ్చరికలు ఎక్కడ కనపడతాయో చూపించండి. సైబర్ దాడుల సంగతి చూసే సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటుందని, ఇలాంటి చొరబాటు తెలిసిన 6 గంటల్లో తమకు చెప్పాలని ప్రభుత్వ సంస్థలకు, కంపెనీలకు 2022లోనే ఆదేశించిందని చెప్పండి. క్లోకింగ్ (ఒకరికి ఒక ముఖం, ఇంకొకరికి ఇంకో ముఖం చూపించడం) అంటే ఏంటో, దాచిన లింకు అంటే ఏంటో పిల్లలు నిజమైన పని మీద నేర్చుకుంటారు. ఆ క్లాసు మీరు చెప్పమంటే శనివారాల్లో నేనే వచ్చి చెబుతాను, డబ్బు వద్దు.

ఆ సిద్దిపేట అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకున్నాను. మొదటి వారం తనకు ఇచ్చిన పని, ఆ నలభై ప్రొఫైళ్లనూ తీసేయడం. కొన్నింటికి పాస్‌వర్డ్ గుర్తుంది, తనే తీసేసింది. మిగతావాళ్లకు మెయిల్ రాసింది. మొదటి మెయిల్ రాయడానికి సాయంత్రం దాకా పట్టింది, నేను పెట్టాను అని రాయాలా, ఎవరో పెట్టారు అని రాయాలా అని నన్ను రెండుసార్లు అడిగింది. నేను పెట్టాను అనే రాసింది. చాలామంది జవాబివ్వలేదు. ఒక కాలేజీ లైబ్రేరియన్ సార్ మాత్రం ఫోన్ చేశారు. కోప్పడతారని భయపడుతూ స్పీకర్ ఆన్ చేసింది. మా సైటులో ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో చూసి చెబుతావా అమ్మా అని అడిగారు. లెక్కపెడితే మూడు వందల పైన తేలాయి. ఆ సార్‌తో కలిసి ఒక్కొక్కటీ తీయిస్తోంది. ఒక్కదానివల్ల అయ్యే పని కాదు, మీ బ్యాచ్‌లో ఆసక్తి ఉన్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటే పంపండి.

ఇట్లు,
మీ పాత విద్యార్థిని,
హైదరాబాద్